పరంధామయ్యగారి పనితీరు నివేదిక

ఆ దేశంలో ఆ సంవత్సరం గ్రేడు లేని వస్తువు ఒక్కటీ మిగలకూడదని ప్రభుత్వం నిర్ణయించింది. పరిపాలనా సంస్కరణల మంత్రిగారు విదేశంలో పదకొండు రోజుల శిక్షణ ముగించుకుని వచ్చి, విమానం మెట్ల మీదే నిలబడి ఆ సంగతి ప్రకటించారు. వారం తిరక్కుండా మూల్యాంకన శాఖ పుట్టింది. నెల తిరిగేసరికి దానికి నాలుగంతస్తుల భవనం, భవనానికో లిఫ్టు, లిఫ్టు పనితీరును పరిశీలించడానికో ఉపసంఘం ఏర్పడ్డాయి.

మొదట ఉద్యోగులకు గ్రేడులిచ్చారు. ఉద్యోగులు అయిపోయాక నదుల మీద పడ్డారు. పొరుగుదేశానికీ ఈ దేశానికీ నడుమ పారే పెద్దేటికి "హాజరు సక్రమముగా లేదు. వేసవిలో విధులకు రాదు. వర్షాకాలమందు పరిధి మీరి ప్రవర్తించును" అని రాసి సి గ్రేడు ఇచ్చారు. జంతుప్రదర్శనశాలలో తాబేలుకు చురుకుదనం చాలదని మెమో అందించి, సంజాయిషీకి పదిహేను రోజుల గడువిచ్చారు. గడువులోగా తాబేలు జవాబు దాఖలు చేయలేదు కాబట్టి ఆరోపణ రుజువైనట్టు నమోదు చేశారు.

ఆ మెమో పట్టుకెళ్లి తాబేలు ముందు పెట్టి, దాని ముందుకాలు ఇంకుప్యాడ్‌కి అద్ది, అందినట్టు గుర్తు వేయించుకొచ్చిన ఉద్యోగిని పేరు మంగతాయారు. శాఖలో సూపరింటెండెంటు. యాభై నాలుగేళ్ల మనిషి. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆవిడ ఎన్నో శాఖలు పుట్టడం, కలిసిపోవడం, మూతపడటం చూసింది. అందుకని దేనికీ ఆశ్చర్యపోదు. తాబేలు విషయంలో కూడా ఆవిడకి కలిగిన ఒకే ఒక్క బాధ, ఆ ఇంకు కడగడానికి ఎవరూ నీళ్లు తేలేదని.

అలాంటి మంగతాయారు కూడా ఒక మంగళవారం ఉదయం కుర్చీలోంచి లేచి నిలబడింది. బల్ల మీదకి వచ్చిన ఫైలు అట్ట మీద "మాజీ ప్రధానమంత్రి ఉప్పులూరి పరంధామయ్య: పనితీరు నివేదిక లేకుండుట గురించి" అని రాసి ఉంది.

ఆ దేశంలో ఆ పేరు తెలియనివాళ్లు లేరు. ముప్ఫై మూడేళ్ల కిందట పొరుగుదేశపు మహాసేనాని ఒక తెల్లవారుజామున పెద్దేరు దాటించి సైన్యాన్ని పంపి, ఏటి మధ్యనున్న కొత్తలంకను ఆక్రమించాడు. "ఇక మీకు ఎన్నికల శ్రమ ఉండదు, మిమ్మల్ని కూడా నేనే పాలిస్తాను" అని రేడియోలో ప్రకటించాడు. అప్పటి ప్రధానమంత్రి పరంధామయ్య అంతకుముందు లెక్కల మాస్టారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ముప్ఫై నెలల పాటు దేశాన్ని ఆ గొంతుతోనే నిలబెట్టాడు. పెట్రోలు లేకపోతే సైకిలెక్కాడు. పంచదార దొరక్కపోతే బెల్లం టీ తాగి, తాగుతున్న ఫొటో పత్రికలకిచ్చాడు. చివరికి మహాసేనాని లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు. ఊరూరా జనం పరంధామయ్యగారిని భుజాల మీద మోశారు.

ఆరు నెలల తర్వాత ఎన్నికలొచ్చాయి. అదే జనం, అవే భుజాలు. రెండువందల పది స్థానాల్లో ఆయన పార్టీకి పంతొమ్మిది వచ్చాయి. ఆయన సొంత నియోజకవర్గంలోనే ఓడిపోయి, మర్నాడు సైకిల్ మీద ఇంటికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు విజయానికి ముప్ఫై ఏళ్లు నిండుతున్నాయి. కొత్తలంకలో ఉత్సవం చేసి, ఆయనకి జాతి తరఫున ఒక బిరుదివ్వాలని ప్రభుత్వం అనుకుంది. అయితే కొత్త నిబంధనల్లో పద్నాలుగోది అడ్డొచ్చింది. పనితీరు నివేదిక ఫైల్లో లేని వ్యక్తికి బిరుదు చెల్లదు.

డైరెక్టర్ హయగ్రీవంగారు మంగతాయారుని పిలిపించారు. ఆయన ఏ మాటన్నా ముందు తనలో తాను చదువుకుని, తర్వాత పైకి చదువుతున్నట్టు మాట్లాడతారు.

"సదరు వ్యక్తి ముప్ఫై నెలల పర్యంతం ప్రధానమంత్రిగా విధులు నిర్వర్తించి యున్నారు. ఆ కాలమునకు నివేదిక లేదు. లేనందున, సాంకేతికంగా, వారు పనిచేసినట్టు మనం చెప్పజాలము."

"యుద్ధం గెలిచారు కదండీ?"

"గెలుపు ఉన్నది. కాదనడం లేదు. వారు గెలిపించినట్టు కాగితం ఏదీ?"

"మరి ఇప్పుడు ఎలా రాస్తామండి, ముప్ఫై ఏళ్ల తర్వాత?"

"ప్రొఫార్మా ఉన్నది కదా! తాబేలుకు సరిపోయినది ప్రధానమంత్రికి సరిపోదా?"

ప్రొఫార్మాలో మొత్తం వంద మార్కులు. విధి నిర్వహణకు నలభై, సేవలందుకున్నవారి సంతృప్తికి అరవై. మంగతాయారు రెండు రోజులు కూర్చుని నింపింది. యుద్ధం మొదట్లో పరంధామయ్యగారు రేడియోలో ఆరు నెలల్లో ముగిస్తామన్నారు. ముప్ఫై నెలలు పట్టింది. ఇరవై నాలుగు నెలల జాప్యానికి పన్నెండు మార్కులు కోత. ముప్ఫై నెలల్లో ఒక్క రోజు సెలవు పెట్టలేదు. నిబంధనల ప్రకారం అది "పనిని కిందివారికి అప్పగించుట తెలియకపోవుట" కిందికి వస్తుంది. ఇంకో పది కోత. విధి నిర్వహణలో పద్దెనిమిది మిగిలాయి.

సంతృప్తి దగ్గర ఆవిడ కలం ఆగింది. జనం భుజాల మీద మోసిన సంగతి రాద్దామంటే, భుజాలకు రసీదుల్లేవు. లెక్కకు అందే అభిప్రాయం మాత్రమే పరిగణించాలని కింద చిన్న అక్షరాల్లో ఉంది. రికార్డులో లెక్కకు అందేది ఒక్కటే, ఎన్నికల ఫలితం. రెండువందల పదికి పంతొమ్మిది. అరవైకి అయిదు మార్కులు.

మొత్తం ఇరవై మూడు. గ్రేడు: అసంతృప్తికరం.

"పోనీలెండి, బిరుదు ఆగిపోతుంది, అంతేగా," అనుకుని ఆవిడ సంతకం పెట్టి పైకి పంపింది.

అంతటితో ఆగితే అది మూల్యాంకన శాఖ ఎందుకవుతుంది? ఫైలు న్యాయ సలహాదారు వామనమూర్తిగారి దగ్గరకు వెళ్లింది. ఆయన నిబంధనలు తొమ్మిదో పేజీ దాకా చదివి, సమావేశం పెట్టించారు.

"తొమ్మిదవ నిబంధన స్పష్టముగా నున్నది," అన్నారు ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ. "అసంతృప్తికర గ్రేడు పొందిన అధికారి తన హయాంలో చేసిన ప్రధాన కార్యములన్నియు పునఃపరిశీలన ముగియు వరకు నిలుపుదలలో నుండవలెను. సదరు అధికారి చేసిన ప్రధాన కార్యం ఏది?"

"యుద్ధం గెలవడం," అంది మంగతాయారు.

"కావున అది నిలుపుదలలో నున్నది."

మంగతాయారు రాసుకుంటున్న కలం కింద పెట్టింది.

"అంటే, మనం గెలవలేదా అండి?"

"గెలవలేదని నేననలేదు. గెలుపు తాత్కాలికంగా అమల్లో లేదు."

హయగ్రీవంగారు మెచ్చుకోలుగా తలూపారు. ఆ సాయంత్రమే పొరుగుదేశానికి ఉత్తరం వెళ్లింది. "తమరు మా ప్రభుత్వమునకు సమర్పించిన లొంగుబాటు, సాంకేతిక కారణముల వల్ల, తదుపరి ఉత్తర్వుల వరకు నిలుపుదల చేయడమైనది. కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము."

పొరుగుదేశంలో మహాసేనాని ఇంకా అధికారంలోనే ఉన్నాడు. యుద్ధంలో ఓడిపోయాక అక్కడ ఆరుసార్లు ఎన్నికలు జరిగాయి. ఆరుసార్లూ ఆయనకి నూటికి తొంభై తొమ్మిదిన్నర ఓట్లు వచ్చాయి. వెయ్యని అరశాతం మంది ఏమయ్యారో ఆ దేశపు పత్రికలు రాయలేదు. పది రోజుల్లో అక్కడి నుంచి జవాబొచ్చింది. వాళ్లు ఇదే ప్రొఫార్మా తెప్పించుకుని, ఇదే లెక్కన తమ నాయకుడికి మార్కులు వేశారు. తొంభై ఏడు. వినయానికి మూడు తగ్గించుకున్నారట. ఉభయ దేశాల ఆమోదిత కొలమానం ప్రకారం యుద్ధకాల నాయకత్వంలో తమ మహాసేనాని అత్యుత్తముడు, తమరి ప్రధాని అసంతృప్తికరుడు అని తేలింది గనక, కొత్తలంకను వెంటనే అప్పగించగలరని కోరారు.

"ఎంత శుభ్రమైన ఫైలండీ!" అన్నారు హయగ్రీవంగారు ఆ ఉత్తరాన్ని తిప్పి తిప్పి చూస్తూ. "ప్రతి పేజీకి నంబరు. ప్రతి నంబరు కింద ఎర్రసిరా గీత. మన సెక్షన్లు చూసి నేర్చుకోవాలి."

"కొత్తలంకలో రెండువేల మంది ఉన్నారండి," అంది మంగతాయారు.

"ఉన్నారు. అప్పగింత పట్టికలో వారిని మూడవ అనుబంధంగా చేర్చితిమి."

అప్పగింతకు తేదీ కూడా ఖరారైంది. విజయోత్సవం రోజే. అంతకుముందే బాడుగకు మాట్లాడిన షామియానా రెండు కార్యక్రమాలకూ సరిపోతుందని ఒక తెలివైన అధికారి సూచించాడు. ఆయనకి ఆ వారమే ఎ గ్రేడు వచ్చింది.

మంగతాయారు పుట్టింది కొత్తలంకలోనే. అక్కడ ఆవిడ తమ్ముడు గోవిందు రేవులో పడవ నడుపుతాడు. మధ్యాహ్నం భోజనం డబ్బా తెరిచేసరికి వాడి ఫోను వచ్చింది.

"అక్కోయ్, మమ్మల్ని అవతలోళ్లకి ఇచ్చేత్తన్నారంట గదా? నిజవేనా?"

"ఎవరు చెప్పారురా?"

"షామియానా పాతడానికొచ్చినోళ్లు చెప్పేరు. అదికాదక్కా, మరి మా బుజ్జిదానికి మార్చిలో పదో తరగతి పరీచ్చలు. ఇటు రాయాలా, అటు రాయాలా? అటైతే పుస్తకాలు మారిపోతాయంట. అక్కడ లెక్కల పుస్తకంలో కూడా ఆ సేనాని బొమ్మే ఉంటాదంట."

"నేను కనుక్కుంటాలే."

"కనుక్కోడం కాదక్కా. ఆ ఫైలు నీ దగ్గరే ఉందంటన్నారు. నువ్వే సంతకం పెట్టేవంట?"

మంగతాయారు డబ్బా మూత పెట్టేసింది.

ఆపడానికి ఆవిడకి దొరికిన దారి ఒక్కటే. గ్రేడు తక్కువొచ్చిన మనిషికి ఆ సంగతి స్వయంగా తెలియజేసి, సంజాయిషీ తీసుకోవాలని నిబంధన ఉంది. తాబేలుకిచ్చిన గడువు మాజీ ప్రధానికీ ఉంటుంది. మెమో సంచిలో పెట్టుకుని ఆవిడ ఊరి చివరకి బస్సెక్కింది.

పరంధామయ్యగారికి ఎనభై ఎనిమిదేళ్లు. పెంకుటింటి అరుగు మీద కూర్చుని, ఇంట్లో వంటచేసే నూకాలుతో పులిమేక ఆడుతున్నారు. ఆయనవి మేకలు. ఆవిడవి పులులు. అరుగు మీద చచ్చిన మేకలు, అంటే చింతగింజలు, చాలానే పడి ఉన్నాయి.

"ఓట్లూ ఓడిపోయేరు, మేకలూ ఓడిపోతన్నారు," అంది నూకాలు ఇంకో గింజ ఏరి పక్కన పెడుతూ. వచ్చినావిడని చూసి, "ఎవురో ఆపీసరమ్మగారు వచ్చేరు, పంచె సర్దుకోండి," అని లోపలికెళ్లింది.

ఆయన మెమో మొత్తం చదివారు. చదువుతూ చదువుతూ భుజాలు కదిలేలా నవ్వారు.

"ఇరవై మూడా! ఏమ్మాయ్, బళ్లో నేను ఎంత మొద్దుకి కూడా ఇరవై అయిదుకి తగ్గించలేదు. ఎవరు దిద్దారు ఈ పేపరు?"

"నేనేనండి, అయ్యగారూ."

"బాగా దిద్దావమ్మా. తప్పులేమీ లేవు. ఆరు నెలలన్న మాట నిజం, ముప్ఫై నెలలు పట్టిన మాటా నిజం. ఆరని ఎందుకన్నానో తెలుసా? ముప్ఫై అంటే జనం ఆ రోజే పడుకుండిపోయేవాళ్లు."

ఆయన నవ్వుతూ ఉంటే మంగతాయారుకి తల ఎత్తబుద్ధి కాలేదు. ఎవరూ అడగకుండానే చెప్పేసింది.

"నేను కూడా మీకు ఓటెయ్యలేదండి. అదే నా మొదటి ఓటు. మాది కొత్తలంక."

పరంధామయ్యగారు చేతిలో చింతగింజ కింద పెట్టారు. కోపం లేదు. లెక్క తప్పిన చోటు తెలుసుకోవాలనుకునే మాస్టారి ముఖం అది.

"ఎందుకు వెయ్యలేదమ్మా? ముప్ఫై ఏళ్ల నుంచి ఎవరినన్నా అడగాలని ఉంది. అడిగితే అందరూ మీకే వేశామండీ అంటారు. అలాగైతే నేనెలా ఓడిపోయానో!"

"యుద్ధం జరిగినన్నాళ్లూ మా నాన్న మీ మాట రేడియోలో వినకుండా అన్నం ముట్టేవాడు కాదండి. మేం అవతలోళ్ల కాపలాలో ఉండి, బియ్యం బస్తాల వెనక రేడియో పెట్టుకుని వినేవాళ్లం. మీ గొంతు వింటే రేపు బతుకుతాం అనిపించేది. అది అబద్ధం కాదండి. యుద్ధం అయిపోయాక మీరు ఎన్నికల సభకొచ్చారు. అప్పుడూ అదే గొంతుతో మాట్లాడారు. మేలుకుని ఉండండి, కాపలా కాయండి, ఇంకా త్యాగాలు చెయ్యాలి అన్నారు. మేం ముప్ఫై నెలలు మేలుకునే ఉన్నామండి. మాకు నిద్ర కావాలనిపించింది. అవతలి పార్టీ ఆయనకి మాట్లాడటమే రాదు. నత్తి. కానీ ఇంటింటికీ కుళాయి వేయిస్తానన్నాడు."

లోపల నూకాలు పోపు పెట్టిన చప్పుడు వినిపించింది.

"కుళాయిలు వచ్చాయా?" అని అడిగారు ఆయన.

"వచ్చాయండి. ఏడేళ్లకి."

"నేనైతే పదిహేనేళ్లు పట్టేది. కుళాయిల సంగతి నాకేం తెలుసు?" అని మళ్లీ నవ్వారు. ఈసారి నవ్వు చిన్నది. "నాకు ఒక్క ఉపన్యాసమే వచ్చమ్మా. అది అవసరమైనన్నాళ్లు బాగానే పనికొచ్చింది. ఆపడం ఎప్పుడో తెలీలేదు. ఆ ముక్క మీ ప్రొఫార్మాలో లేదు. ఉంటే ఇంకో అయిదు తగ్గించేదానివి."

అప్పుడావిడ అసలు సంగతి చెప్పింది. ఈ ఇరవై మూడు మార్కుల వల్ల గెలుపు నిలుపుదలలో పడిందనీ, వచ్చే శుక్రవారం కొత్తలంకను అప్పగిస్తున్నారనీ. పరంధామయ్యగారి ముఖంలో నవ్వు మాయమైంది. ఆయన లేచి నిలబడ్డారు. ఆ పొట్టి మనిషి అరుగంతా నిండినట్టనిపించింది.

"ఆ లంక మీద మూడువందల పదహారు మంది పోయారు," అన్నారు. "పేర్లు చెప్పమంటే చెబుతాను. నాకు బిరుదొద్దు, గ్రేడొద్దు. ఏం రాస్తే ఇది ఆగుతుందో చెప్పు."

"ఆరోపణ తప్పని రాయాలండి. జనం మిమ్మల్ని నిజంగా తిరస్కరించలేదని."

"నిజంగానే తిరస్కరించారు కదమ్మా. ఇప్పుడే నువ్వూ చెప్పావు. అబద్ధం రాస్తే అవతలివాడికీ నాకూ తేడా ఏముంది?"

మంగతాయారు నీరసంగా అరుగు చివర కూర్చుంది. "అసలు యుద్ధం అయిన ఆరు నెలలకే ఎన్నికలెందుకు పెట్టారండీ? ఇంకో రెండేళ్లు ఆగమని మీవాళ్లంతా అన్నారట కదా?"

"అన్నారు. కానీ అలా రాసుకున్నాం గదా ముందే. యుద్ధం ప్రకటించిన కాగితంలోనే ఉంది, ఆఖరి పేజీలో. సభలో చదివినప్పుడు మొదటి పేజీకే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆఖరి పేజీ దాకా ఎవరు విన్నారు?"

మంగతాయారు నిలబడింది. నూకాలు తెచ్చిన మజ్జిగ నిలబడే తాగేసి, వచ్చిన బస్సే పట్టుకుంది.

ప్రభుత్వ రికార్డుల గదిలో కాగితాలకి కూడా అప్పటికే గ్రేడులు వేసేశారు. ఎక్కువమంది అడిగే కాగితానికి ఎ, ఎవరూ అడగని కాగితానికి డి. గత ఏడాది క్యాంటీన్ ధరల పట్టికకి ఎ వచ్చింది. యుద్ధ ప్రకటనని ముప్ఫై ఏళ్లుగా ఒక్కరూ అడగలేదు కాబట్టి డి ఇచ్చి, చిత్తుకాగితాల లారీ కోసం వరండాలో పెట్టారు.

"డి గ్రేడు కాగితాలు చూపించకూడదండి," అన్నాడు గుమస్తా.

"ఎవరన్నా అడిగితే గ్రేడు పెరుగుతుంది కదా?"

"పెరుగుతుందండి."

"నేను అడుగుతున్నాను."

గుమస్తా కాసేపు ఆలోచించి, దానికి సి ఇచ్చి, కట్ట విప్పాడు. లారీ మర్నాడు ఉదయం రావలసి ఉంది.

మంగతాయారు వరండాలోనే గోనెసంచుల మీద కూర్చుని చదివింది. మొదటి పేజీల్లో ఆవేశం, మాతృభూమి, రక్తం వగైరా ఉన్నాయి. ఆఖరి పేజీలో మాత్రం లెక్కల మాస్టారి చేతిరాతలాంటి నాలుగు వాక్యాలున్నాయి. వాటిని ఆవిడ రెండుసార్లు చదివి, కాపీ తీయించి, సీలు వేయించుకుంది.

గురువారం ఉదయం సమావేశం. మర్నాడే అప్పగింత. హయగ్రీవంగారు అప్పగింతకు ఏ రంగు రిబ్బను కత్తిరించాలనే విషయం చర్చిస్తున్నారు. మంగతాయారు ఏడవలేదు, అరవలేదు, మాతృభూమి అనలేదు. అవేవీ ఆ గదిలో చెల్లవని ఆవిడకి తెలుసు. ఫైలు తెరిచి, వాళ్ల భాషలోనే మొదలుపెట్టింది.

"అయ్యా, సదరు నివేదికలో ఒక లోపం దొర్లినట్టు గమనించడమైనది. పని అంచనా వేయుటకు ముందు, పని లక్ష్యమేమిటో చూడవలెను కదండీ? మనం చూడలేదు."

వామనమూర్తిగారు ఉలిక్కిపడ్డారు. "లక్ష్యం జతపరచలేదా?"

"లేదండి. ఇది యుద్ధ ప్రకటన. ఆఖరి పేజీ. చదువుతాను." ఆవిడ నెమ్మదిగా చదివింది. "'ఈ యుద్ధపు లక్ష్యం ఒక్కటే. ఈ దేశ ప్రజలు తమ పాలకులను భయం లేకుండా ఎన్నుకొనుటకు, వద్దనుకున్నప్పుడు తొలగించుటకు గల వీలును కాపాడుట. ఆ వీలు కొత్తలంకతో సహా దేశమంతటా ఆచరణలో రుజువైన నాడే యుద్ధం ముగిసినట్టు. అందుకై యుద్ధానంతరం ఆరు నెలలు నిండునాటికి ఎన్నికలు జరుపవలెను.' కింద సంతకం, ముద్ర, తేదీ ఉన్నాయి."

"ఊఁ," అన్నారు హయగ్రీవంగారు.

"తొలగించు వీలు ఉన్నదని కాగితం మీద ఎంతైనా రాయవచ్చునండి. ఎవరినో ఒకరిని తొలగిస్తే తప్ప రుజువు కాదు. ఆ ఎన్నికలో ఎవరిని తొలగించారు?"

"సదరు ప్రధానమంత్రిని."

"కొత్తలంకలో కూడా?"

వామనమూర్తిగారు ఫలితాల పట్టిక వెతికి చూశారు. "కొత్తలంకలో కూడా. భారీగా."

"అయితే ఆ ఓటమి అభిప్రాయ సేకరణ కాదండి," అంది మంగతాయారు. "పని పూర్తయినట్టు ధ్రువపత్రం."

హయగ్రీవంగారి ముఖంలో ఒక వెలుగు కనిపించింది. ఆయన సర్వీసులో ధ్రువపత్రం అన్న మాటకి లొంగని సందర్భం లేదు. "ధ్రువపత్రం! దేశవ్యాప్తముగా జారీ చేయబడిన ధ్రువపత్రం! నలభై మూడు లక్షల మంది ముద్రలతో!" అని ఆయన కుర్చీలోంచి సగం లేచారు. "ఇట్టి ధ్రువీకరణ మన శాఖ చరిత్రలో లేదు!"

అక్కడికక్కడే మార్కులు మళ్లీ వేశారు. లక్ష్య సాధన సంపూర్ణం కాబట్టి సంతృప్తికి అరవైకి అరవై. ఎన్నికలు గడువులోగా జరిపినందుకు జాప్యపు కోత రద్దు. సెలవు పెట్టని నేరం మాత్రం క్షమించరానిదని పది మార్కులు అలాగే ఉంచారు. మొత్తం తొంభై. అత్యుత్తమం. గెలుపు మీది నిలుపుదల ఎత్తివేశారు. అదే కొలతతో పొరుగు మహాసేనాని ఫైలు చూస్తే, ఆయనని ఆ దేశ ప్రజలు ఒక్కసారీ తొలగించలేకపోయారు గనక "పని ప్రారంభం కాలేదు" అని తేలింది. "తమరి లొంగుబాటు యథాతథముగా పునరుద్ధరించడమైనది" అని తంతి ఇచ్చారు. లొంగుబాటుకి కొత్త రసీదు పంపించగలరని కోరుతూ వాళ్లు జవాబిచ్చారు.

హయగ్రీవంగారి ఉత్సాహం మాత్రం అక్కడ ఆగలేదు. మంచి సూత్రం దొరికితే దాన్ని ఒక్కరికే వర్తింపజేయడం ఆయన మనస్తత్వానికి విరుద్ధం. మధ్యాహ్నం రెండింటికి ఆయన సర్క్యులరు జారీ చేశారు. ప్రజాప్రతినిధులు తమ పని పూర్తయినట్టు రుజువుగా ఒక ఓటమిని జతపరచవలెను. జతపరచనివారి పని అసంపూర్తిగా పరిగణించబడును. మొదటి మెమో, వరుసగా నాలుగు ఎన్నికలు గెలిచిన పరిపాలనా సంస్కరణల మంత్రిగారికి వెళ్లింది. "తమరి ఓటమి ఇంతవరకు అందలేదు. పదిహేను రోజుల లోపు సమర్పించగలరు."

మూడున్నరకి మూల్యాంకన శాఖ రద్దయింది. నాలుగింటికి లిఫ్టు ఆపేశారు. లిఫ్టు ఉపసంఘం సభ్యులు ఆ సమయంలో రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఉన్నారు. వాళ్లని బయటికి తీయడానికి ఏ శాఖ బాధ్యత వహించాలో తేలేసరికి చీకటి పడింది.

శాఖ లేదు కాబట్టి నివేదిక లేదు. నివేదిక లేదు కాబట్టి బిరుదూ లేదు. అయినా షామియానా వేసేశారు కనుక శుక్రవారం ఉత్సవం మానలేదు. పరంధామయ్యగారు గోవిందు పడవలో లంక చేరారు. నూకాలు గొడుగు పట్టింది. మంగతాయారు పక్కన కూర్చుంది. రేవులో జనం నిండిపోయారు. ఆయనని ఈసారి ఎవరూ భుజాల మీద ఎత్తుకోలేదు. వయసు చూసి చెయ్యందించి, కుర్చీలో కూర్చోబెట్టారు.

ఉపన్యాసం ఇవ్వమన్నారు. "నా ఉపన్యాసం మీరంతా విన్నదే," అని ఆయన కూర్చునే ఉన్నారు.

అప్పుడొక ముసలావిడ ముందుకొచ్చి దండం పెట్టింది. "బాబూ, ఆనాడు తమకి ఓటెయ్యలేదు. కడుపులో దాచుకోలేక చెబుతున్నా. ఏవనుకోకండి." ఆవిడ వెనక ఇంకొకరు. ఆ వెనక మరొకరు. చూస్తూండగా వరుస కట్టేశారు. ఒకాయన తన తరఫునే కాక, చచ్చిపోయిన అన్నగారి తరఫున కూడా చెప్పాడు. పరంధామయ్యగారు ప్రతివాళ్ల మాటా శ్రద్ధగా విని, "కుళాయి బాగా వస్తోందా?" అని అడుగుతున్నారు. వరుస ఎంతకీ తరగకపోయేసరికి మంగతాయారు వైపు తిరిగారు.

"అమ్మాయ్, ఈ ఊళ్లో నాకు వేసినవాడు ఒక్కడన్నా ఉన్నాడా?"

ఆ మాట పక్కనున్న గోవిందు మైకులో అడిగేశాడు. చివరి వరసలో స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒక బక్కపల్చటి ముసలాయన, ఇటూ అటూ చూసి, మెల్లిగా చెయ్యెత్తాడు. నలుగురు పట్టుకుని ఆయన్ని ముందుకు తీసుకొచ్చారు.

"నేనండి," అన్నాడాయన సిగ్గుపడుతూ. "పొరపాటున పడిపోయిందండి. యుద్ధంలో నా కళ్లజోడు పగిలిపోయింది. అవతలి పార్టీ కుండ గుర్తనుకుని మీ గొడుగు గుర్తు మీద గుద్దేశాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు."

జనం గొల్లున నవ్వారు. పరంధామయ్యగారు నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుని, ఆ ముసలాయన చెయ్యి పట్టుకుని పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నారు.

"దానికేమయ్యా," అన్నారు. "ఆ యుద్ధంలో నేను చేసిన మంచిపనుల్లో సగం అలా పడిపోయినవే. పద, అన్నం తిందాం."